ఇంటి గుమ్మడికాయతో పాన్‌కేక్స్: పైన మాడిపోతున్నాయి, లోపల పచ్చి

ప్రశ్న: కొలంబస్ కోడలు

హాలోవీన్‌కి గుమ్మం ముందు పెట్టిన పెద్ద గుమ్మడికాయ ఒకటి చెక్కకుండా మిగిలిపోయింది. పారేయడానికి మనసొప్పక కోసి, ఆవిరికి ఉడికించి, మిక్సీలో వేశాను. పాప ఎప్పట్నుంచో గుమ్మడికాయ పాన్‌కేక్స్ అడుగుతోంది. కప్పున్నర మైదా, కప్పు గుజ్జు, కప్పు పాలు, ఒక గుడ్డు, 3 టీస్పూన్ల బేకింగ్ పౌడర్, కాస్త పంచదార, దాల్చినచెక్క పొడి. పొద్దున్నే హడావుడి ఎందుకని దోసెల పిండిలా రాత్రే కలిపి పెట్టా. ఒక్క ఉండ కూడా లేకుండా బాగా గిలక్కొట్టా కూడా.

పొద్దున ఇనప పెనం కాల్చి, నీళ్లు చిలకరిస్తే చుయ్యిమన్నాక మొదలుపెట్టా. మొదటిది అలవాటు కొద్దీ గరిటెతో గుండ్రంగా తిప్పేశా, అతుక్కుపోయింది. రెండోది మందంగా వదిలేస్తే పైన బొగ్గు, లోపల జిగురు. పాప ఫోర్కుతో పొడిచి చూసి "అమ్మా, ఇది హల్వానా?" అంది. ఇంకా సగం కాయ ఫ్రిజ్‌లో ఉంది. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: పెనం పిచ్చోడు

మీరు పాన్‌కేక్ పేరుతో దోసె వేశారండీ! దోసెల పిండి నానేకొద్దీ పులిసి పొంగుతుంది. బేకింగ్ పౌడర్ అలా కాదు, తడి తగలగానే గ్యాస్ వదలడం మొదలెడుతుంది, తెల్లారేసరికి చాలా వరకు పోతుంది. పొడివి ఒక గిన్నెలో, తడివి ఇంకో గిన్నెలో రాత్రే సిద్ధం చేసుకోండి, పెనం వేడెక్కేటప్పుడు కలపండి. గిలక్కొడితే మైదా సాగి రబ్బరులా అవుతుంది. పొడి పిండి కనపడకుండా పోతే చాలు, చిన్న ఉండలు కాలేటప్పుడు సర్దుకుంటాయి.

అసలు దొంగ మాత్రం గుజ్జే. చెక్కడానికి అమ్మే పెద్ద కాయల్లో నీళ్లూ పీచూ ఎక్కువ, రుచి తక్కువ. పల్చటి గుడ్డలో మూటకట్టి, పెరుగు వేలాడదీసినట్టు ఓ గంట వేలాడదీయండి. కప్పున్నర మైదాకి ముప్పావు కప్పు చాలు. మంట మీడియం కన్నా కొంచెం తక్కువ. పైన బుడగలు పగిలి, ఆ గుంటలు పూడకుండా నిలిచాక ఒక్కసారే తిప్పండి.

డబ్బా గుజ్జు కొంటే పేరు సరిగ్గా చదవండి. పంప్‌కిన్ పై మిక్స్ అని ఉంటే పంచదార, మసాలా ముందే కలిపేసి ఉంటాయి. నేనోసారి అది తెచ్చి గుమ్మడికాయ పులుసు పెట్టా. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

జవాబు: రాజమండ్రి బామ్మ

అమ్మాయ్, చెయ్యి దోసెకి అలవాటు పడితే అట్టే వెయ్యి, అంత అవస్థ ఎందుకు? డల్లాస్‌లో మనవరాలికి నేను చేసి పెట్టేది చెప్తా. తీపి గుమ్మడి ముక్క దొరక్కపోతే బటర్‌నట్ అని పొడుగ్గా ఉంటుందే, అది తెచ్చుకో. తురిమి నేతిలో పచ్చి వాసన పోయేదాకా వేయించు. అరకప్పు బెల్లం కరిగించి వడకట్టు, లేదంటే పంటికింద ఇసక తగులుతుంది. అందులో ఆ తురుము, కప్పు గోధుమపిండి, 2 చెంచాల బియ్యప్పిండి, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు వేసి గరిటజారుగా కలుపు. నెయ్యి వేసి, మూతపెట్టి, సన్న సెగ మీద కాల్చు. బెల్లం కదా, ఇట్టే మాడుతుంది, ఫోన్ పట్టుకుని పక్కకి పోకు.

జవాబు: కూకట్‌పల్లి బ్యాచిలర్

ఇది చదివి సంతకెళ్లి "గుమ్మడికాయ ఉందా" అంటే "ఏంటి బాబూ, గృహప్రవేశమా?" అన్నాడు. బూడిద గుమ్మడి చేతిలో పెట్టబోయాడు. తీపి గుమ్మడి అని విడమర్చి అడగాలని అప్పుడు తెలిసింది.

జవాబు: కొలంబస్ కోడలు

ఇవాళ మళ్లీ చేశా. మూట కింద గిన్నెలో దగ్గర దగ్గర అరకప్పు నీళ్లు చేరాయి! అవన్నీ పిండిలో పోసి పొంగలేదని ఏడ్చానన్నమాట. ఇనప పెనం పక్కన పెట్టి నాన్‌స్టిక్ తీశా, స్టవ్ నాబ్ 4వ నంబరు మీద ఉంచా. మొదటిది తెల్లగా పాలిపోయింది, మావారు నిలబడే తినేశారు. మూడోదానికి రంగు కుదిరింది, విరిస్తే లోపల స్పాంజిలా ఉంది. పాప సిరప్ పోసుకుని మూడు లాగించింది, హల్వా ఊసెత్తలేదు.

బామ్మగారూ, రేపటికి బటర్‌నట్ కూడా తెచ్చా. తురుము ఎంత వేయాలో చెప్పలేదు మీరు.

జవాబు: రాజమండ్రి బామ్మ

పిండెంతో తురుమంత.