జుబ్బాలో పిల్లల తల దూరట్లేదు, నా తల పగిలిపోతోంది

చిట్టితల్లి_అమ్మ, రాత్రి 1:40
ఎవరైనా మేలుకొని ఉంటే చెప్పండి. సాయంత్రం ఏడింటి నుంచి ఇదే గొడవ. పాప పుట్టాక ఉద్యోగం మానేసి ఇంట్లోంచే పిల్లల బట్టలు మొదలుపెట్టాను. మొదటి విడతలో 50 జుబ్బాలు కుట్టించాను, ఆరు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకి. 14 అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళలో ఆరుగురిది ఒకే మాట, ఉతికాక తల దూరట్లేదని. ఒకావిడ వీడియో కూడా పంపారు. పిల్లాడు చెవుల దగ్గర ఇరుక్కుని గుక్కపట్టి ఏడుస్తున్నాడు. చూడలేక ఫోన్ బోర్లా పెట్టేశాను.

మిగిలినవాటిలో మూడు తీసి వేడినీళ్ళలో నానబెట్టాను. తడి మీదే లాగి ఇస్త్రీ చేశాను. ఒక్క పోగు కదల్లేదు. మా పాపకి కుట్టిన శాంపిల్ మెడ కూడా ఇదే కొలత, పది ఉతుకులు అయినా బ్రహ్మాండంగా దూరుతుంది. ముడుచుకున్న గుడ్డని మళ్ళీ సాగదీయడానికి ఏమైనా ఉపాయం ఉందా? పొద్దున్నే ఇంకో 8 పార్సిళ్ళు పంపాలి, ఒకటే టెన్షన్.

ఒక్కముక్క, 1:52
పార్సిళ్ళు ఆపండి. ఏ గుడ్డ?

చిట్టితల్లి_అమ్మ, 1:54
కాటన్ అండి. ప్యూర్ కాటన్. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో ఒక తాను కొన్నాను.

మేడమీద_మిషన్, 6:10
చెల్లీ, ఇప్పుడే చూశాను. ఇది అందరూ చేసే తప్పే, నేనూ చేశాను. తాను తెచ్చి తిన్నగా కత్తెర పెట్టేస్తారు. నూలు గుడ్డ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతులు ముడుచుకోవడం మామూలే, వదులుగా నేసిందైతే ఇంకాస్త ఎక్కువ. మిల్లులో గుడ్డని లాగిపట్టి ఆరబెట్టి చుడతారు, నీళ్ళు తగలగానే అది తన అసలు కొలతకి వచ్చేస్తుంది. అందుకే కోయకముందే రాత్రంతా నానబెట్టాలి. పిండకుండా నీడన ఆరేసి, కాస్త తేమ ఉండగా ఇస్త్రీ చేసి, అప్పుడు కత్తిరించాలి. రంగు గుడ్డలైతే విడివిడిగా నానబెట్టు. ఎరుపు, నీలం కలిపి నానబెట్టి 20 మీటర్లు పాడుచేసుకున్న దాన్ని నేను. అపార్ట్‌మెంట్ మేడంతా నా తానులే ఆరేసి ఉండేవి, వాచ్‌మన్ భార్య రోజూ ఓ పాట పాడేది. సరే, అది వేరే కథ. వచ్చే విడతకి నానబెట్టుకో. ఈ 50కి మాత్రం ఏం చేయలేం, ముడుచుకున్నది తిరిగి సాగదు.

ఒక్కముక్క, 6:31
ముడుచుకోవడం కాదు. నూటికి ఐదు పోతే తల ఇరుక్కోదు, కాస్త బిగుస్తుందంతే. కాటన్ అనేది పోగు పేరు, గుడ్డ పేరు కాదు. నేత గుడ్డా, నిట్టా?

నేతన్న_మనవడు, 7:05
నేత గుడ్డ అయి ఉంటే ఈ సమస్యే వచ్చేది కాదు. మా తాత మగ్గం మీద నేసిన గుడ్డ నాలుగు ఉతుకులకి వెన్నలా అయ్యేది. జనరల్ బజార్ తానులన్నీ మరమగ్గాల సరుకు, దాన్ని నేత అనకండి దయచేసి. పసిపిల్లల ఒంటికి మంగళగిరి నూలు వాడండి, నారాయణపేట వాడండి. పోచంపల్లి ఇక్కత్‌కి 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, హైదరాబాద్ నుంచి గంటా గంటన్నర ప్రయాణం, అయినా మనవాళ్ళు వేరే రాష్ట్రాల తానులకే ఎగబడతారు. ఇక్కత్‌లో నేయకముందే పోగులకి ముడులు కట్టి రంగులద్దుతారు కాబట్టి...

ఒక్కముక్క, 7:09
మరమగ్గం మీద నేసినా నేతే. నిలువు పోగు, అడ్డ పోగు ఉంటే అది నేత. చేత్తోనా కరెంటుతోనా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు.

నేతన్న_మనవడు, 7:20
తెలుగులో నేత అంటే చేనేతే. మీకు కావాలంటే మిల్లు గుడ్డ అనండి.

సికింద్రాబాద్_వాసి, 8:02
మా షాపులో రెండే మాటలు సార్. కాటన్, హోజరీ. నిట్ అంటే కస్టమర్‌కి తెలియదు. బనియన్ గుడ్డ అంటే అందరికీ తెలుస్తుంది. అదే హోజరీ.

నేతన్న_మనవడు, 8:11
హోజరీ అంటే అసలు మేజోళ్ళండీ. మేజోళ్ళు అల్లే మిషన్ల మీదే బనియన్లూ అల్లడం మొదలై ఆ పేరు అంటుకుంది. అల్లిక గుడ్డ అనడం సబబు.

సికింద్రాబాద్_వాసి, 8:13
అల్లిక గుడ్డ ఇమ్మని అడిగితే మా కుర్రాడు స్వెటర్లు చూపిస్తాడు.

పన్నుల_బాబాయి, 9:30
గుడ్డ సంగతి తర్వాత చూద్దురు గానీ, పార్సిళ్ళు అన్నారు. ఎక్కడికమ్మా పార్సిళ్ళు? జీఎస్టీ నంబరు ఉందా? సరుకుల అమ్మకానికి 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని యూట్యూబ్‌లో విని చాలామంది ధీమాగా ఉంటారు. ఆంధ్రలో అది నిజమే, తెలంగాణలో మాత్రం 20 లక్షలే. మన రాష్ట్రం పాత పరిమితినే ఉంచుకుంది. పైగా సరుకు రాష్ట్రం దాటిందంటే ఈ లెక్కలేవీ పనికిరావు. 500 రూపాయల జుబ్బా ఒక్కటి పక్క రాష్ట్రానికి అమ్మినా మామూలుగా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2017 చట్టం 24వ సెక్షన్ చూడండి. పన్ను రేటు గురించి బెంగ వద్దు, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒక్కో బట్ట ధర 2500 దాకా ఉంటే 5 శాతమే, ఆ పైన 18. చిన్న వ్యాపారాల నమోదుకి ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ సైట్‌లో పూర్తిగా ఉచితం. రెండు వేలు కట్టండని వచ్చే సైట్ల వలలో పడకండి.

చిట్టితల్లి_అమ్మ, 10:15
అందరికీ నమస్కారం. పాప ఇప్పుడే పడుకుంది, రాత్రంతా లేపుతూనే ఉంది. బాబాయి గారూ, ఇన్‌స్టాగ్రామ్ చూసి బెంగళూరులో ఒకావిడ రెండు తీసుకున్నారు, అంతే. అది కూడా తప్పేనా? దేవుడా. అది మళ్ళీ చూసుకుంటాను, ముందు నాకు ఈ మెడ సంగతి చెప్పండి.

గుడ్డ బనియన్ గుడ్డ కాదు, మల్ కాటన్. పల్చగా, మెత్తగా ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ ఉతికిన పాత బట్టలే వేయమని మా అత్తగారు అన్నారని, మా ఆయన పాత టీషర్టు కత్తిరించి పాపకి శాంపిల్ కుట్టాను. పాపకిప్పుడు ఐదు నెలలు. ఆ కొలతే, కాస్త పొడుగు పెంచి, అట్ట మీద గీసి టైలర్‌కి ఇచ్చాను. టైలర్ కూడా కొలత తప్పలేదు, నేను టేపు పెట్టి చూశాను.

ఒక్కముక్క, 10:18
ఇది రాత్రి 1:40కే చెప్పాల్సిన మాట.

చిట్టితల్లి_అమ్మ, 10:19
ఏది?

ఒక్కముక్క, 10:20
టీషర్టు. మెడ చుట్టూ టేపు పెట్టి ఎన్ని అంగుళాలో చెప్పండి.

చిట్టితల్లి_అమ్మ, 10:26
పదమూడు. ఉతకనిదానికీ పదమూడే, ఉతికినదానికీ దాదాపు పదమూడే. అరె.

ఒక్కముక్క, 10:41
ఆరు నెలల పిల్లల తల చుట్టుకొలత సుమారు 17 అంగుళాలు, ఏడాదికి 18. పదమూడు అంగుళాల మెడలో అది దూరాలంటే గుడ్డ సాగాలి. టీషర్టు గుడ్డలో దారం కొక్కేలు కొక్కేలుగా ఉంటుంది, లాగితే ఆ కొక్కేలు విచ్చుకుంటాయి, వదిలితే మళ్ళీ దగ్గరవుతాయి. అందుకే మీ పాపకి దూరింది. మల్ కాటన్‌లో పోగులు తిన్నగా ఉంటాయి, సాగడానికి ఏమీ లేదు. అది ఉతకకముందు కూడా దూరేది కాదు. కొన్నవాళ్ళు ఎవరూ ఉతక్కుండా పసిపిల్లలకి వేయరు కాబట్టి అందరూ ఉతుకు మీదకి నెట్టారు. మీరూ అదే నమ్మారు.

మేడమీద_మిషన్, 11:00
అయినా నానబెట్టుకోవాలి.

ఒక్కముక్క, 11:01
నానబెట్టుకోండి. వద్దనలేదు.

చిట్టితల్లి_అమ్మ, 11:08
అంటే 50కి 50 పారేయాల్సిందేనా? కూలీతో కలిపి 11 వేలు పెట్టాను. మా ఆయనకి ఇంకా చెప్పలేదు.

సికింద్రాబాద్_వాసి, 11:15
ఎందుకు పారేయడం మేడమ్? ఒక భుజం కుట్టు విప్పి రెండు టిచ్ బటన్లు పెట్టించండి. పీసుకి పది, పదిహేను రూపాయల పని.

ఒక్కముక్క, 11:19
ఒక భుజం చాలదు. ఈ సైజులో భుజం కుట్టు రెండు అంగుళాలు ఉంటుంది. విప్పితే ముందు అంచు రెండు, వెనక అంచు రెండు, మొత్తం నాలుగు కలుస్తాయి. 13కి 4 కలిపితే 17. పట్టీ మడతలో అరంగుళం పోతుంది. ఏడాది పిల్లకి మళ్ళీ ఇరుక్కుంటుంది. రెండు భుజాలూ విప్పితే 21, పట్టీలకి పోగా 20. సరిపోతుంది. లేదంటే వెనక మూడున్నర అంగుళాల ఓపెన్ ఇచ్చి, పైన ఒక్క గుండీ పెట్టండి. చీలిక పొడవు రెండుసార్లు లెక్క.

మేడమీద_మిషన్, 11:40
వెనక గుండీ వద్దు చెల్లీ. పసివాళ్ళు వెల్లకిలా పడుకుంటారు, మెడ వెనక గుచ్చుకుంటుంది. మా బాబుకి ఎర్రగా దద్దు తేలింది. భుజం మీదే పెట్టించు. అదీ బిగించాక గోరుతో పట్టుకుని గట్టిగా లాగి చూడాలి, ఒక్కొక్కటీ. ఆ వయసులో ఏది దొరికినా నోట్లోకే. ఊడి వచ్చిందంటే గొంతుకి అడ్డం పడుతుంది. దీని మీద మాత్రం టైలర్‌ని నమ్మకు, నువ్వే కూర్చుని చూసుకో.

మల్లెపూల_అమ్మమ్మ, మధ్యాహ్నం 2:20
ఇవన్నీ చదువుతుంటే నవ్వొస్తోందమ్మా. మా రోజుల్లో జుబ్బా అంటే వెనక మొత్తం తెరుచుకుని, రెండు చోట్ల తాళ్ళు ఉండేవి. చేతులు దూర్చి వెనక ముడి వేసేవాళ్ళం, తల మీదుగా తొడగడం అనే మాటే లేదు. పాత ధోవతి గుడ్డ సాగదు కదా మరి. మీరు కుట్టింది జుబ్బా కాదు, మెత్తటి చొక్కా. పురిటి ఇంటికి తెచ్చే బట్టలు కూడా ఎప్పుడూ ఒక సైజు పెద్దవి తెస్తారు, 21వ రోజుకి ఎవరూ కొత్తవి తొడగరు గనక. నువ్వు ఆరు నెలల సైజు నుంచి మొదలుపెట్టడం తెలివైన పనే. ముడి తాళ్ళు పెట్టి చూడు తల్లీ.

ఒక్కముక్క, 2:31
మెడ దగ్గర తాళ్ళు వద్దు. దేనికైనా చిక్కుకుంటే ఉరి అవుతుంది.

మల్లెపూల_అమ్మమ్మ, 2:35
నలుగురిని పెంచాను బాబూ తాళ్ళతోనే.

పన్నుల_బాబాయి, 4:00
జుబ్బాయో చొక్కాయో, పేరు పెట్టుకున్నారా? బట్టల బ్రాండుకి ట్రేడ్‌మార్క్ 25వ తరగతి కిందకి వస్తుంది. వ్యక్తి పేరున ఆన్‌లైన్‌లో దరఖాస్తు రుసుము 4500. కంపెనీ పేరున వేస్తే మామూలుగా 9000, చిన్న సంస్థగా ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంటే దానికీ 4500. అందుకే ఉద్యమ్ ముందు చేయమన్నది. పెట్టుబడి కావాలంటే చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణం ఉంది, అందులో 'శిశు' అనే మొదటి విభాగంలో 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. ఆ బెంగళూరు అమ్మకం సంగతి మాత్రం మర్చిపోకండి.

నేతన్న_మనవడు, 5:45
మల్ కాటన్ కూడా మన దగ్గర మగ్గం మీద నేసేవాళ్ళు ఉన్నారని ఎవరూ అనలేదు చూశారా.

మూడు రోజుల తర్వాత

చిట్టితల్లి_అమ్మ, రాత్రి 11:50
రెండు భుజాలూ విప్పించాను. 36 అయ్యాయి, గుండీలు లాగి చూస్తూ వేళ్ళు నొప్పి పుట్టాయి, నాలుగు ఊడిపోతే మార్పించాను. ఏడాది దాటిన పక్కింటి బాబుకి వేసి చూశాం, దూరింది. తిరిగి వచ్చినవాటికి డబ్బు పంపేశాను. ఒకావిడ మాత్రం డబ్బు వద్దు, సరిచేసి పంపండి అన్నారు. థాంక్సండీ. పాప లేచింది.

సికింద్రాబాద్_వాసి, 11:58
శుభం. పాత టీషర్టులు ఇంకా ఉంటే శాంపిల్ కుట్టకండి మేడమ్.

కొత్తగా_చేరాను, మరుసటి రోజు ఉదయం 10:05
నమస్తే. నాదీ దాదాపు ఇదే సమస్య. ప్యాంటు నడుము దగ్గర ఎలాస్టిక్ వేశాక పిల్లలకి ఎర్రటి గీత పడుతోంది. ఏం చేయాలి?

ఒక్కముక్క, 10:07
ఏ గుడ్డ?