సమస్య: చినిగినట్టి బట్టయె గాచె సిగ్గు సభను

నిర్వాహకుడు:

ఈ వారం సమస్య తేటగీతిలో.

చినిగినట్టి బట్టయె గాచె సిగ్గు సభను

బట్ట చినిగితే సిగ్గు పోవాలి గాని నిలబడడమేమిటన్నదే ఇక్కడి చిక్కు. నలుగురిలో జరిగిన భంగపాటు మీద రాయండి. మీదైనా సరే, పక్కవాడిదైనా సరే, పేర్లు మాత్రం వద్దు. గణాలు చూసుకోండి: చినిగి / నట్టిబ / ట్టయెగాచె / సిగ్గు / సభను. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదిరే మైత్రి, చి–సి. దీన్ని నాలుగో పాదంగానే వాడి మిగతా మూడూ పూరించాలి.

"కలలో ఇలా జరిగింది" అంటూ తప్పించుకునే పూరణలు తీసుకోను. కల అన్నాక ఏనుగు దోమ గొంతులోనే కాదు, చీమ చెవిలో కూడా దూరుతుంది.

గళ్ల చొక్కా:

మెట్లు నెక్కుచు నుండఁగా మిగుల బిగువు
ప్యాంటు కుట్లూడిపోయెను పదుగు రెదుట;
తెరను లాగి చించితిఁ జుట్టి తిరిగినాను;
చినిగినట్టి బట్టయె గాచె సిగ్గు సభను.

కల్పన కాదండీ. వేదిక మెట్లు మూడే. రెండోది దాటాక వెనక చల్లగా తగిలింది. అప్పుడే తెలిసిపోయింది.

యతి పోలీసు:

గళ్ల చొక్కా గారూ, ధార బావుంది. మొదటి పాదంలో మె–మి సరిపోయింది. రెండో పాదంలో ప్యా–ప దగ్గర కాసేపు ఆగాను. "ప్యాంటు" అనేటప్పుడు నోట్లో పలికేది ఆ కాదు, ఏ కాదు, రెంటికీ మధ్యది. రాతలో దీర్ఘమే కాబట్టి వదిలేస్తున్నాను.

వదలలేనిది మూడో పాదం. తెరని మీరే చించారు. అలాంటప్పుడు అది చించిన బట్ట అవుతుంది గాని చినిగిన బట్ట ఎలా అవుతుంది? పైగా సమస్యలోని వైచిత్రి అంతా ఇక్కడే జారిపోయింది. బాగున్న తెరని లాగి చించి చుట్టుకుంటే సిగ్గు కాచింది తెర, చిరుగు కాదు. చించకుండా చుట్టుకున్నా కాచేది కదా!

గళ్ల చొక్కా:

చించకపోతే ఊడి రాదండీ, పైన కమ్మీకి బిగించి ఉంది. ఆ క్షణంలో సకర్మకమా అకర్మకమా అని ఎవరు చూస్తారు?

నిర్వాహకుడు:

ఆ క్షణంలో చూడక్కర్లేదు, పద్యం రాసేటప్పుడు చూడాలి. మూడో పాదం ఇలా మారిస్తే?

తెరయె యొక్కటి దొరికెను దిక్కుమాలి

అప్పుడు "దిక్కుమాలి చినిగినట్టి బట్ట" అని కింది పాదంతో అతుక్కుంటుంది. ఎవరూ పట్టించుకోక మూలన పడి చిరిగిన తెర అన్నమాట. సభవారి సొత్తు చించిన అపవాదూ మీకు తప్పుతుంది.

ఒంటి చెప్పు:

నడుమఁ దెగెఁ జెప్పువారు నే నడువ లేక
జనుల మధ్యలో నొంటికాల్ జపము సేసి
పాత రూమాలు పేలికఁ బట్టి కట్టఁ
జినిగినట్టి బట్టయె గాచె సిగ్గు సభను.

చెప్పు తెగిన ప్రతివాడికీ తెలిసిన సంగతే ఇది. అట్ట కింది చిల్లులోంచి గుండీ ఊడి వస్తుంది. బొటనవేలితో అట్టని నొక్కిపట్టి కాలు ఈడుస్తూ పది అడుగులు ఎలాగో వేస్తాం. పదకొండో అడుగుకి చెప్పు అడ్డం తిరిగి ముందుకు ఎగిరిపోతుంది. ఎగిరింది సరిగ్గా ఎవరి కాళ్ల దగ్గర పడకూడదో అక్కడే పడుతుంది.

యతి పోలీసు:

"చెప్పువారు" చదివి, చెప్పేవాళ్లు తెగిపోవడమేమిటా అని కంగారుపడ్డాను. రెండోసారి చదివాక గాని చెప్పుకి ఉండే వారు, అంటే పట్టీ, అని వెలగలేదు. అనుకోకుండా పడినా మంచి శ్లేషే, మార్చకండి. ఒంటికాలి జపం చక్కగా కుదిరింది, నాకు ఆ పాదమే ఎక్కువ నచ్చింది.

అయితే సమస్య పాదంలో చ కాస్తా జ అయింది. "కట్టన్" ద్రుతాంతం, అంటే నకారంతో ముగిసేది, కాబట్టి వ్యాకరణం మీ పక్షమే. కానీ ఇచ్చిన పాదాన్ని ఇచ్చినట్టే ఉంచడం మర్యాద అని నా పట్టుదల.

నిర్వాహకుడు:

సంధివశాన వచ్చిన మార్పుని నేను ఒప్పుకుంటాను. జి–సి యతి చెడలేదు కదా. నా అభ్యంతరం వేరే. "సభను" అన్న మాటకి ఇక్కడ పని లేదు. ఆ జనం దారినపోయే జనమైనా పద్యం ఇలాగే ఉండేది. సమస్యలోని ప్రతి మాటకీ పూరణలో కొలువు ఇవ్వాలి.

కొత్త కలం:

మొదటిసారి రాస్తున్నాను. తప్పులుంటే చెప్పండి.

నీరు పైబడి ప్యాంటంత తడిసి పోయె
చూచి నవ్వెడు వారెల్లఁ జుట్టు మూఁగ
చేతిలో ఉన్న సంచి ముందు పెట్టుకొని
చినిగినట్టి బట్టయె గాచె సిగ్గు సభను.

యతి పోలీసు:

మొదటి పాదంలో యతి లేదు, నీ–త కలవవు. మూడో పాదం తేటగీతి కాదు, మామూలు మాటే. చేతి / లోఉన్న / సంచిముం వరకూ గణాలు వచ్చాయి. ఆ తర్వాత "దుపెట్టు" లఘువు, గురువు, లఘువు. అది జగణం, సూర్యగణాల్లో దానికి చోటు లేదు.

నిర్వాహకుడు:

రెండో పాదం మాత్రం ముట్టుకోనక్కర్లేదు. మిగతా రెండూ ఇలా దిద్దవచ్చు:

నీరు పైబడి ప్యాంటంత నిండఁ దడిసె
చిల్లు సంచిని ముందుకుఁ జేర్చి నడువ

నీ–ని, చి–జే యతులు. సంచికి చిల్లు పెట్టకపోతే చినిగిన బట్ట ఎక్కడిదన్న ప్రశ్న మిగిలిపోతుంది.

కొత్త కలం:

యతికోసం "నిండ" పెట్టారు గాని "తడిసి పోయె" అన్నప్పుడున్న ఏడుపు ఇందులో లేదండీ. ఒలికింది మంచినీళ్లే అని ఎవరికి చెప్తే నమ్ముతారు? ఆ మరక ఉన్న చోటు అలాంటిది. నిండా తడిసి ఉంటే వానలో తడిశానని చెప్పుకుందును. నిండా తడవకపోవడమే కదా ఇక్కడ సమస్య.

నిర్వాహకుడు:

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. యతి మీరే ఇంకోలా సాధించండి, అర్థం మీరన్నదే ఉంచండి.

పాత తాళపత్రం:

సొంత గోడు అడిగారు గాని, సమస్యలో సభ, బట్ట, సిగ్గు మూడూ కనబడ్డాక నా మనసు ఒక్కచోటికే పోయింది. మన్నించాలి.

కృష్ణు వేలికిఁ గట్టెను కృష్ణ నాఁడు
చీర చెఱఁగును జింపి; యా చిన్న ముక్క
కౌరవుల కొల్వులో వేయి కట్టు లయ్యె;
చినిగినట్టి బట్టయె గాచె సిగ్గు సభను.

ఒంటి చెప్పు:

అబ్బ! వేలికి కట్టిన కట్టు వేయి కట్లు కావడం! చప్పట్లు.

యతి పోలీసు:

కౌ–క యతి సరైనదే. ఔకారం అకారంతో కలుస్తుంది, సందేహపడేవాళ్ల కోసం చెప్తున్నా. కృష్ణుడి వేలు తెగితే ద్రౌపది చెరగు చింపి కట్టిన కథ వ్యాసభారతంలో లేదు. జనం చెప్పుకునే కథ. పూరణకి అది దోషం కాదు, పద్యం చదివి మూలంలో వెతికేవాళ్ల కోసం అంటున్నాను. ఇంకోటి, ఇక్కడా ద్రౌపది చించిందే కదా అని గళ్ల చొక్కా గారు నిలదీయవచ్చు.

గళ్ల చొక్కా:

నిలదీయడానికే వచ్చాను. నా తెరకో న్యాయం, ద్రౌపది చీరకో న్యాయమా?

నిర్వాహకుడు:

న్యాయం ఒకటే. ద్రౌపది చించకపోతే ఆ సభలో చీర పెరిగేది కాదు, చిరుగే ఫలించింది. మీ తెర చిరక్కపోయినా పని జరిగేది. తేడా అంతే.

అన్నట్టు, సభలో భంగపాటు అంటే ద్రౌపది కన్నా ముందు గుర్తుకు రావలసింది దుర్యోధనుడు. మయసభలో స్ఫటికపు నేలను నీరనుకుని బట్టలు ఎత్తి పట్టుకున్నాడు. తర్వాత నీటిని నేలనుకుని బట్టలతో సహా పడ్డాడు. సభాపర్వంలో ఈ సంగతి రెండుసార్లు వస్తుంది, రెండూ పక్కపక్కన పెట్టి చదివితే తమాషాగా ఉంటుంది. భారతకథ చెప్పే వైశంపాయనుడి మాటల్లో నవ్వినవాళ్లు భీముడు, అర్జునుడు, కవలలు, సేవకులు. ధర్మరాజు ఆజ్ఞతో పొడిబట్టలు కూడా తెచ్చి ఇచ్చారు. అదే కథ దుర్యోధనుడు ఇంటికి పోయి తండ్రితో చెప్పుకున్నప్పుడు కృష్ణుడూ నవ్వాడు, ద్రౌపదీ నవ్వింది, ఆమెతో ఉన్న స్త్రీలందరూ నవ్వారు. పడినవాడి లెక్కలో నవ్వినవాళ్లు పెరిగారు. నాకు తోచిన ఆటవెలది:

జారిపడిన వాఁడు సభలోన నగినట్టి
వారి లెక్క పెంచు వాఁడె మిగుల;
నవ్వినట్టి వారు నలుగురే యైనను
నగర మెల్ల నవ్వె ననుచు నేడ్చు.

కొత్త కలం:

దీన్ని కొలిచి చూసినవాళ్లున్నారండీ. మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ గిలోవిచ్ బృందం 2000లో అచ్చువేసిన పరిశోధన ఒకటుంది. వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు ఒక విద్యార్థికి తొడిగి, తోటి విద్యార్థులున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మ గమనించి ఉంటారని వేసుకున్నవాళ్లు లెక్కగట్టారు. నిజానికి గమనించింది దాదాపు పావు వంతే. దీనికి స్పాట్‌లైట్ ఎఫెక్ట్ అని పేరు.

గళ్ల చొక్కా:

పావు వంతు అంటే తక్కువా? రెండు వందల మంది సభలో యాభై మంది. నాకు ఒక్కరు చాలు.

మధ్య బెంచీ:

ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను. నాదీ ఒకటి. వేదిక మీద కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టారు, అదీ చివరి అంచున.

వేదికంచున నిదురలో వెనుకఁ బడఁగ
కుర్చి మేకుకుఁ జొక్కాయి కొసయె దగిలి
చిరిగి చిరిగియు న న్నాపెఁ జివరి దాఁక;
చినిగినట్టి బట్టయె గాచె సిగ్గు సభను.

కునుకు పట్టి వెనక్కి ఒరిగాను. నడుం దగ్గర మేకు పట్టుకుంది. బట్ట పీలికలవుతూ కూడా వదల్లేదు, ఆ లాగుడుకే మెలకువ వచ్చింది. చప్పుడుకి ముందువరుస తలెత్తి చూసింది. అప్పటికి నేను నిటారుగా కూర్చుని వక్త వైపు శ్రద్ధగా చూస్తున్నాను. చిరుగు వీపున ఉంది, సభ ఎదురుగా ఉంది. అందరూ వెళ్లిపోయేదాకా కుర్చీలోంచి లేవలేదు.

యతి పోలీసు:

వే–వె, కు–కొ, చి–జి. లాఠీ పక్కన పెట్టేశాను.

నిర్వాహకుడు:

ఈ వారానికి ఇదే నా ఎంపిక. ఎందుకో చెప్తాను. మొదటి మూడు పూరణల్లోనూ పరువు తీసింది ఒకటి, నిలబెట్టింది వేరే ఓ బట్ట. ఎక్కడో ఓ చినిగిన పేలిక వెతికి తెచ్చి సమస్యకి అతికించారు. తాళపత్రం గారిది చిరుగే ఫలించిన పూరణ, కానీ ఆ కథకి దైవం సాయం ఉంది. ఇక్కడ ఒకటే చొక్కా, చినిగిందీ అదే, కాచిందీ అదే. చినగకపోతే మనిషి కింద పడేవాడు. విరోధం పూర్తిగా విడిపోయింది. "చిరిగి చిరిగియు" అన్న చోట ఆ పీలికలయ్యే చప్పుడు కూడా వినబడింది. కునుకు కూడా సభలోనే పట్టింది కాబట్టి "సభను" అన్న మాటకీ కొలువు దొరికింది.

పాత తాళపత్రం:

దైవసాయం లేని పూరణ గెలవడం సబబే. కానీ ఆ మేకు అక్కడ ఉండడం దైవసాయం కాదంటారా?

నిర్వాహకుడు:

అది వడ్రంగి సాయం.

వచ్చే వారానికి కందంలో ఇస్తున్నాను. ప్రాస డ, యతి త–ధ.

తడఁబడి పడినట్టివాఁడె ధన్యుఁడు సభలోన్

పడినవాణ్ణి ధన్యుణ్ణి చేయాలి. దయచేసి దేవుడి పాదాల మీద పడినట్టు రాయకండి, అది అందరికీ తడుతుంది.

మధ్య బెంచీ:

వచ్చే వారం దాకా ఆగలేను.

కడ లేని యుపన్యాసము
నడుమను జారంగ నొకఁడు నవ్వులు విరిసెన్
గడబిడలో సభ మేల్కొనె
తడఁబడి పడినట్టివాఁడె ధన్యుఁడు సభలోన్.

యతి పోలీసు:

కందం నిక్కచ్చిగా ఉంది, న–న యతి, ప్రాస నాలుగు పాదాల్లోనూ నిలిచింది. కానీ రెండో పాదంలో జారినవాడు నాలుగో పాదానికి తడబడ్డాడు. జారడం వేరు, తడబడడం వేరు. ఒకే మనిషిని రెండు రకాలుగా పడేశారు. "నడుమను దొట్రిల్ల నొకఁడు" అంటే గణాలూ చెడవు, మనిషీ ఒకలాగే పడతాడు.

మధ్య బెంచీ:

అలాగే మారుస్తాను. మీకు ఉపన్యాసాల మీద ఇంత కనికరం ఉందనుకోలేదు, "కడ లేని" అన్నందుకు ఏమంటారో అనుకున్నాను.

యతి పోలీసు:

అలాంటి ఉపన్యాసం ఒకటి నేనే ఇచ్చాను. మధ్యలో ఒకాయన నీళ్ల సీసా అందించబోయి వైరు తట్టుకుని పడ్డాడు. అప్పటికి తర్వాత ఏం చెప్పాలో మరిచిపోయి చెప్పిందే మూడోసారి చెప్తున్నాను. ఆయన లేచి దుమ్ము దులుపుకునేలోగా "ఇంతటితో ముగిస్తున్నాను" అనేసి దిగిపోయాను.