ఇండియానాలో చిన్న కౌంటీకి రీలొకేషన్ గ్రాంటు: తలా 5,000 డాలర్లు ఎలా ఇస్తే నిలుస్తుంది?

కౌంటీడెస్క్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఇండియానాలో జనం తగ్గిపోతున్న ఒక గ్రామీణ కౌంటీ. బయటి రాష్ట్రాల నుంచి రిమోట్ ఉద్యోగుల కుటుంబాలను రప్పించడానికి రాష్ట్రం నుంచి లక్ష డాలర్ల గ్రాంటు మంజూరైంది. బోర్డు ప్రతిపాదన ఇదీ: 20 కుటుంబాలు, తలా 5,000, అద్దె ఒప్పందం చూపించిన రోజే చెక్కు. ఏడాదిలోపు వెళ్లిపోతే తిరిగి కట్టాలని సంతకం తీసుకుంటారు. కౌంటీ ఆదాయపు పన్ను 2 శాతం, సగటు జీతం 80,000 అనుకుంటున్నారు. మూడేళ్లలో డబ్బు తిరిగొస్తుందని నివేదికలో రాయొచ్చా? ఇందులో ఎక్కడ దెబ్బతినే అవకాశం ఉంది?

పన్నులపద్దు

మూడేళ్లని మాత్రం రాయకండి. 80,000 మీద 2 శాతం అంటే ఏటా 1,600, మూడేళ్లకు 4,800. కాగితం మీద బాగానే కనిపిస్తుంది. మినహాయింపులు పోతే ఇంకాస్త తగ్గుతుంది, అది పక్కన పెడదాం. అసలు చిక్కు తేదీల దగ్గరుంది.

ఇండియానాలో కౌంటీ పన్ను ఎవరికి చెందాలన్నది జనవరి 1న మీరు ఏ కౌంటీలో ఉన్నారో చూసి తేలుస్తారు. 2026 మార్చిలో ఒహాయో నుంచి దిగిన మనిషి ఆ జనవరి 1న ఇక్కడ లేడు, ఇక్కడ ఉద్యోగమూ లేదు. 2026కి అతని కౌంటీ పన్ను సున్నా. 2027 జనవరి 1న ఉంటాడు గనక 2027 ఆదాయం మీద పన్ను పడుతుంది. ఆ రిటర్ను వేసేది 2028 ఏప్రిల్‌లో. జూన్ నెలాఖరుకల్లా ప్రాసెస్ అయిన రిటర్నుల్ని బట్టి రాష్ట్రం కౌంటీ వాటా లెక్కగట్టి, దాన్ని 2029లో నెలనెలా పంపుతుంది. అంటే 2026లో రాసిన చెక్కుకి మొదటి డాలరు వెనక్కి వచ్చేది 2029లో. 5,000 దాటేసరికి 2032 అవుతుంది. పైగా ఆ వాటాను కౌంటీ ఒక్కటే తీసుకోదు, ఊళ్లూ లైబ్రరీలూ పంచుకుంటాయి. గ్రాంటు రాష్ట్రానిదే కదా, తిరిగి రాకపోతేనేం అనుకోవచ్చు. కానీ రెండో విడత అడగడానికి వెళ్లినప్పుడు మీరు చూపించాల్సింది ఈ లెక్కే.

దీంట్లోంచే ఒక పనికొచ్చే సంగతి బయటపడుతుంది. మార్చిలో దిగినా డిసెంబరు 30న దిగినా కౌంటీకి వచ్చేది ఒకటే. జనవరి 3న దిగితే మాత్రం ఏడాది మొత్తం జారిపోతుంది. కాబట్టి ఒప్పందంలో 'ఆమోదం వచ్చిన ఆరు నెలల్లో' అని వదిలేయకుండా, ఏటా డిసెంబరు 15 లోపు ఇంట్లో దిగాలని తేదీ పెట్టండి.

ఇంకోటి. ఉద్యోగి కంపెనీకిచ్చే డబ్ల్యూహెచ్-4 ఫారంలో జనవరి 1 నాటి నివాస కౌంటీ రాసే గడి ఉంటుంది. మార్చిలో వచ్చినవాళ్లు అక్కడ ఏ కౌంటీ వేయకపోవడం సరైనదే. వచ్చే జనవరిలో దాన్ని మార్చాలని ఎవరికీ గుర్తుండదు. ఏడాదంతా జీతంలోంచి కౌంటీ పన్ను కోత పడదు, తీరా రిటర్నుతో కౌంటీ పన్ను లెక్కగట్టే సీటీ-40 షెడ్యూలు నింపేటప్పుడు 1,600 ఒక్కసారే మీద పడుతుంది. మీ మీద కోపం వచ్చేది అప్పుడే. గ్రాంటు డబ్బులో కొంత ఆపి, దానికి కొత్త డబ్ల్యూహెచ్-4 కాపీని షరతుగా పెడితే ఈ గొడవ ఉండదు.

ఆస్తి పన్నును ఆదాయం కింద చూపించొద్దు. అద్దెకిచ్చిన ఇంటిని కొత్త కుటుంబం కొని సొంతంగా ఉంటే, పన్ను పరిమితి ఇంటి విలువలో 2 శాతం నుంచి 1 శాతానికి దిగుతుంది. పిల్లలుంటే బడికి మేలే, ఎందుకంటే రాష్ట్రమిచ్చే బడి నిధులు హాజరు లెక్కింపు రోజున ఉన్న పిల్లల సంఖ్యను బట్టి వస్తాయి.

దరఖాస్తులబల్ల

పైన చెప్పిందంతా నిజం. నాకు అంతకంటే భయం వేసింది 'అద్దె ఒప్పందం చూపించిన రోజే చెక్కు' అన్న మాట చదివి. ఒప్పందం ముందే చేతిలో ఉన్నవాళ్లంటే ఎలాగూ వచ్చేవాళ్లే. సగం మంది అలాంటివాళ్లయితే, నిజంగా మీ డబ్బు వల్ల వచ్చిన ఒక్కో కుటుంబానికి 10,000 పడినట్టు. కంపెనీలకిచ్చే రాయితీల మీద అప్‌జాన్ ఇన్‌స్టిట్యూట్ అనే ఉపాధి పరిశోధన సంస్థలో ఆర్థికవేత్త టిమ్ బార్టిక్ 2018లో వేసిన అంచనా ప్రకారం, రాయితీ వల్లే నిర్ణయం మారినవి 2 నుంచి 25 శాతం. మనుషుల విషయంలో అదే అంకె ఉండాలని లేదు, కానీ ఆ ప్రశ్న మీ ఆడిటర్ కూడా అడుగుతాడు. వర్మాంట్ 2019లో మొదలుపెట్టిన రిమోట్ వర్కర్ గ్రాంటులో మనిషి ముందు మారి, ఖర్చుపెట్టి, తర్వాత రసీదులతో డబ్బు అడిగేవాడు. గ్రాంటు వల్లే వచ్చారనడానికి ఆధారం లేదని ఆ రాష్ట్ర ఆడిటరే ఎత్తిచూపారు.

అందుకని వరుస తిప్పండి. ముందు దరఖాస్తు, తర్వాత ఆమోద పత్రం, ఆ తర్వాతి తేదీతోనే అద్దె లేదా కొనుగోలు ఒప్పందం. ముందు తేదీ ఉన్న ఒప్పందం చెల్లదని మొదటి పేజీలోనే రాయండి. 'గ్రాంటు లేకపోయినా వస్తారా?' అని అడగొద్దు, రాననే అంటారు. ఇంకా ఏ ఊళ్లు చూస్తున్నారో, ఇప్పుడున్న ఇంటి ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో అడగండి. అసలు సంగతి అక్కడ తెలుస్తుంది.

కాగితాల్లో ముఖ్యమైనది కంపెనీ లేఖ. 'రిమోట్ ఉద్యోగి' అని ఉంటే చాలదు. 'ఇండియానా నుంచి శాశ్వతంగా పనిచేయవచ్చు' అని హెచ్ఆర్ సంతకంతో ఉండాలి. ఇక్కడ ఒక్క ఉద్యోగి ఉన్నా కంపెనీ ఈ రాష్ట్రంలో పేరోల్‌కి నమోదు చేసుకోవాలి, చిన్న కంపెనీలు అక్కడే వెనక్కి తగ్గుతాయి. ఆమోదం ఇచ్చాక, ట్రక్కు బుక్ చేశాక ఈ మాట బయటపడితే రెండు వైపులా నష్టం. దిగాక ఇండియానా డ్రైవింగ్ లైసెన్సు కాపీ అడగండి, కొత్తగా వచ్చినవాళ్లు 60 రోజుల్లో ఎలాగూ తీసుకోవాలి. జీతం స్లిప్పులు, సోషల్ సెక్యూరిటీ నంబరున్న కాగితాలు ఈమెయిల్‌లో మాత్రం తీసుకోకండి.

కౌంటీడెస్క్

చాలా థ్యాంక్స్ అండి, తేదీల సంగతి బోర్డులో ఎవరికీ తట్టలేదు. మరి వెళ్లిపోయినవాళ్ల దగ్గర వసూలు చేసే షరతు సరిపోదా?

దరఖాస్తులబల్ల

రాయడం తేలికే, వసూలు కష్టం. వేరే రాష్ట్రానికి పోయిన మనిషి మీద 5,000 కోసం దావా వేస్తే లాయరు ఖర్చే దాన్ని మింగేస్తుంది. ఇచ్చి లాక్కోవడం కన్నా ఆగి ఇవ్వడం మేలు. అలబామాలో ఇలాంటి పథకమే అయిన రిమోట్ షోల్స్ పాతిక శాతం ముందు, ఆరు నెలలకు మరో పాతిక, ఏడాదికి మిగతా సగం ఇచ్చే పద్ధతి పెట్టుకుంది. మొత్తం ఏడాది చివర్లోనే ఇస్తే డబ్బుకి భద్రతే గానీ, ట్రక్కుకీ అద్దె డిపాజిట్‌కీ చేతిలో డబ్బు లేని కుటుంబం రాదు. మీ 5,000కి 1,250, 1,250, 2,500 సరిపోతుంది.

20 కుటుంబాలకి తలా 5,000 పంచేస్తే పరిశీలనకీ ప్రచారానికీ ఒక్క డాలరూ మిగలదు. 15తో ఆపి, 25,000 పక్కన పెట్టుకోండి.

వీసాపన్ను

తీసుకునేవాళ్ల వైపు నుంచి రెండు మాటలు. ఈ డబ్బు ఆదాయం కిందకే వస్తుంది. ప్రతి ఒక్కరి దగ్గరా డబ్ల్యూ-9 (పన్ను గుర్తింపు నంబరు రాసిచ్చే ఫారం) ముందే తీసుకోండి. 2026 నుంచి చేసే చెల్లింపులకు 1099-మిస్క్ (ఎవరికెంత ఇచ్చారో పన్ను శాఖకి తెలిపే ఫారం) ఇవ్వాల్సిన హద్దు 600 నుంచి 2,000 డాలర్లకు పెరిగింది. ఫారం రాకపోయినా పన్ను తప్పదని వాళ్లకి చెప్పాలి. ఇల్లు మారే ఖర్చుని ఫెడరల్ పన్నులో తగ్గించుకునే వీలు 2018 నుంచి మామూలు ఉద్యోగులకు లేదు. 22 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకి 5,000లో ఫెడరల్ పన్నే 1,100 పోతుంది. ప్రకటనలో 'పన్ను వర్తిస్తుంది' అని పెద్దక్షరాల్లో వేయండి.

'అమెరికాలో పనిచేసే అర్హత ఉండాలి' అని రాస్తే హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లూ దరఖాస్తు పెడతారు, పెట్టాలి కూడా. కాకపోతే ఇంటి నుంచి పనిచేసేవాళ్లు వేరే మెట్రో ఏరియాకి మారితే, ఇమిగ్రేషన్ అప్పీళ్ల విభాగం 2015లో ఇచ్చిన సిమియో తీర్పు ప్రకారం కంపెనీ ముందుగానే సవరించిన పిటిషన్ వేయాలి. అది వేయకుండా మారితే స్టేటస్‌కే ముప్పు. గ్రీన్‌కార్డు కోసం పెర్మ్ (కంపెనీ తీసుకునే లేబర్ సర్టిఫికేషన్) నడుస్తుంటే అందులోని పనిచేసే చోటు సంగతి కూడా లాయరుతో చూసుకోవాలి. వీళ్లకి రెండు మూడు నెలలు ఎక్కువ గడువివ్వండి, లేకపోతే మీ డిసెంబరు 15 గీత దాటిపోతారు.

ఇళ్లుముందు

ప్రకటన వేసే ముందు, ఆ వారం మీ కౌంటీలో ఖాళీగా ఉన్న మూడు పడకగదుల అద్దె ఇళ్లు లెక్కపెట్టండి. నాలుగే ఉంటే 15 కుటుంబాలను పిలవడంలో అర్థం లేదు. అద్దెలు పెరిగి ఉన్నవాళ్లే ఊరు వదులుతారు. ఒక్కోసారి నాలుగైదు కుటుంబాలనే తీసుకోండి.

డబ్బు ఒక్కటే ఆకర్షణ అనుకోకండి. ఇండియానాలోనే ఉన్న గ్రీన్స్‌బర్గ్ ఊరు 2021లో 5,000 డాలర్లతో పాటు పిల్లల్ని చూసుకోవడానికి స్థానిక పెద్దలను 'అమ్మమ్మా తాతయ్యా' లాగా ఏర్పాటు చేస్తామంది. దేశమంతా మాట్లాడుకున్నది ఆ మాట గురించే.

ఇక ఇంటర్నెట్. ఎఫ్‌సీసీ (ఫెడరల్ టెలికాం సంస్థ) బ్రాడ్‌బ్యాండ్ మ్యాపులో అడ్రసు కొట్టి 100 ఎంబీపీఎస్ డౌన్‌లోడు, 20 అప్‌లోడు కనిపించగానే సరే అనేయొద్దు. మ్యాపులో ఉన్నంత మాత్రాన తీగ గుమ్మం దాకా వచ్చినట్టు కాదు. రోడ్డు మీద స్తంభం నుంచి ఇల్లు బాగా లోపలికి ఉంటే లైను లాగడానికి విడిగా డబ్బడుగుతారు. ఆ అడ్రసుకి ఏ తేదీన కనెక్షన్ ఇస్తారో, ఎంతవుతుందో ప్రొవైడరు దగ్గర రాతపూర్వకంగా తీసుకున్నాకే అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టమనండి.