మాల్దీవులు: ‘ఒక దీవికి ఒక రిసార్ట్’ పద్ధతే మంచిదా?

సాగరతీరం: మాల్దీవుల్లో టూరిజం 1972లో కురుంబ రిసార్ట్‌తో మొదలైంది. జనం లేని దీవిని ప్రభుత్వం లీజుకిస్తుంది, దాని మీద ఒక్కటే రిసార్ట్. కరెంటు, మంచినీళ్ళు, చెత్త అన్నీ వాళ్ళే చూసుకోవాలి. 2024లో 20 లక్షల మందికి పైగా వెళ్ళారు. ఊళ్ళున్న దీవుల్లో గెస్ట్‌హౌస్‌లకు అనుమతిచ్చి చేజేతులా పేరు చెడగొట్టుకున్నారు. కాదంటారా?

లెక్కల టీచర్: కాదనే అంటాను. అక్కడ ఒక దీవి బడిలో పాఠాలు చెప్పాను. మా పిల్లల నాన్నలు చాలామంది రిసార్టుల్లో పనివాళ్ళు. రిసార్ట్ కంటికి కనిపించేంత దగ్గర, మనిషి మాత్రం సెలవు దొరికితేనే ఇంటికి. గెస్ట్‌హౌస్‌లు వచ్చాకే మాఫుషి లాంటి ఊళ్ళలో మామూలు కుటుంబాలు కూడా టూరిస్టు డబ్బు కళ్ళజూశాయి.

కొత్తపెళ్ళికొడుకు: రిసార్టుకు తీసుకెళ్ళే సీప్లేన్ (నీళ్ళ మీద దిగే చిన్న విమానం) రాత్రిపూట ఉంటుందా? మా ఫ్లైట్ దిగేసరికి సాయంత్రం 7.

బందరు లడ్డు: ఉండదు తమ్ముడూ, పగలే. ఆ రాత్రికి ఎయిర్‌పోర్టు పక్కనున్న హుల్హుమాలేలో రూము చూసుకో.

సాగరతీరం: టీచర్ గారూ, సెంటిమెంట్ వద్దు. టూరిస్టుల దగ్గర వసూలు చేసే గ్రీన్ ట్యాక్స్ 2025 నుంచి రిసార్టులో మనిషికి రోజుకు 12 డాలర్లు, ఊళ్ళోని చిన్న గెస్ట్‌హౌస్‌లో 6. దేశానికి ఎవరు ఎక్కువిస్తున్నట్టు? పైగా నాకు ఒక గెస్ట్‌హౌస్ వాడు ఆఖరి నిమిషంలో బుకింగ్ క్యాన్సిల్ చేసి డబ్బు ఎగ్గొట్టాడు.

లెక్కల టీచర్: ఒకడు ఎగ్గొడితే దేశం విధానమే తప్పా? ఆ 12 డాలర్లు ఖజానాకి పోతాయి. ఊళ్ళో పడవ నడిపేవాడికి, చేపలు అమ్మేవాడికి ఏం ముట్టింది?

సాగరతీరం: 12 పెద్దదా, 6 పెద్దదా? లెక్కల టీచర్ కదా, ముందు అది చెప్పండి.

బందరు లడ్డు: ట్యాక్స్ వదిలేయండి బాబూ. టూరిస్టుల్ని విడిగా పెట్టింది అక్కడి మతాచారాల కోసం కదా?

లెక్కల టీచర్: ఊళ్ళలో మందు ఇప్పటికీ నిషేధమే. ఈత దుస్తులకు వేరే బీచ్ కేటాయించారు. అలా సర్దుకున్నారు. ప్రచారంలో మాత్రం నీళ్ళ మీది విల్లాల బొమ్మలే. ‘సన్నీ సైడ్ ఆఫ్ లైఫ్’ అన్న వాళ్ళ టూరిజం నినాదం కింద ఊరి ఇల్లు ఎంత కనిపించింది?

సాగరతీరం: కనిపించకూడదు కాబట్టే. పులిహోర డబ్బాలు, ఆవకాయ సీసాలు పట్టుకుని గుంపులుగా దిగితే రాత్రికి వెయ్యి డాలర్లు పెట్టేవాడు ఇంకెందుకొస్తాడు?

లెక్కల టీచర్: ఇప్పుడు బయటపడింది. ఇంతసేపూ ట్యాక్స్, ట్యాక్స్ అన్నారు. మీ బాధల్లా పక్కన మనలాంటివాళ్ళు కనబడటం.

కొత్తపెళ్ళికొడుకు: మేం పులిహోర తీసుకెళ్తున్నాం సార్ 😀

సాగరతీరం: నవ్వండి. అందరికీ అందని చోటు అన్న పేరునే వాళ్ళు అమ్ముకుంటున్నారు. గోవాలో ఏమైందో చూడలేదా?

లెక్కల టీచర్: గోవాలో ఊరివాళ్ళకి కనీసం సొంత బీచ్ మీద నడిచే హక్కుంది. మాల్దీవుల్లో రిసార్టు దీవి మీద అడుగు పెట్టాలంటే ఆ దేశస్థుడైనా ఉద్యోగమో బుకింగో చూపించాలి. అది మీకు తప్పుగా అనిపించడం లేదా?

సాగరతీరం: లేదు. లీజు కట్టినవాడి చోటు అది.