డ్రూయిడ్ లోహ కవచం "ధరించరు": ఇది నిషేధమా, చేతకానితనమా?

ఆటల గొడవ ఈ భాషా గుంపులో ఎందుకని అడ్మిన్ గారు అనకముందే చెప్పేస్తున్నా, ఇది క్రియాపదం గురించిన సందేహమే. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్ర తీసుకుని పాచికలతో ఆడే కథల ఆట) కొత్తగా ఆడేవాళ్ల కోసం రూల్స్ తెలుగులో ఒక పేజీకి కుదించి రాస్తున్నాం. దాని రూల్స్ పుస్తకం 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో డ్రూయిడ్‌కి (ప్రకృతి మంత్రాలు వాడే పాత్ర) ఏయే కవచాలు వచ్చో చెప్పి, లోహంతో చేసిన కవచం గానీ డాలు గానీ డ్రూయిడ్లు వేసుకోరని పక్కనే బ్రాకెట్లో ఒక ముక్క పెట్టారు. దానికి నేను "ధరించరాదు" అంటున్నా, ఆట నడిపే మా డీఎం "ధరించలేరు" అంటాడు, ఇంకొకాయన "ధరించరు" చాలు, ఏమీ కలపొద్దు అంటాడు. మూడింటికీ ఆటలో తేడా ఏమైనా ఉంటుందా, లేక మేమే ఊరికే కొట్టుకుంటున్నామా?

—

ఎందుకుండదండీ! అవి మూడు వేర్వేరు రూల్స్. "ధరించలేరు" అంటే చేతకాదని. "ధరించరాదు" అంటే ఎవరో వద్దన్నారని, అలా రాశారంటే ఆడేవాడు వెంటనే "మీరితే ఏమవుతుంది?" అని అడుగుతాడు, జవాబు మీ దగ్గర ఉండి తీరాలి. "ధరించరు" దారి వేరు. "ఆయన మాంసం తినరు" అన్నప్పుడు ఆయనకి పళ్లు లేవనీ కాదు, ఎవరో కట్టడి చేశారనీ కాదు. తినరు, అంతే. ఆ పుస్తకం వేసిన కంపెనీ వాళ్లు తర్వాత ఇచ్చిన వివరణలో సరిగ్గా ఈ శాకాహారి పోలికే తెచ్చారు. ముందు "వేసుకుంటే డ్రూయిడ్ పేలిపోతాడు" అని జోకేసి, ఆనక అసలు సంగతి చెప్పారు: వేసుకోగలరు, కానీ వద్దనుకున్నారు. వేసుకున్నంత మాత్రాన శక్తులేవీ పోవు.

మనకిది కొత్త కూడా కాదు. కృష్ణుడు యుద్ధంలో "ఆయుధం పట్టను" అన్నాడు. పట్టలేను అనలేదు, పట్టరాదని ఆయనకి చెప్పగలవాడూ లేడు. తీరా భీష్ముడి బాణాలకి అర్జునుడు నలిగిపోతుంటే చక్రం పట్టుకుని రథం మీంచి దూకాడు, పోతన "కుప్పించి యెగసిన" పద్యం అదే కదా. అక్కడ ఆయనకి పెనాల్టీ ఏమీ పడలేదు. పోయింది మాట. డ్రూయిడ్ ఇనుము తొడిగితే కూడా పోయేది అదే, దాన్ని డీఎం కథలో చూపించుకోవాలి గానీ పాచికల లెక్కలో కాదు.

—

కథ బాగానే ఉంది గానీ టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లు కృష్ణులు కారు సార్. లెక్కలో పెనాల్టీ లేదంటే మొదటి ఊళ్లోనే ఇనుప కవచం కొనేస్తారు. పాత ఎడిషన్లలో క్లెరిక్ (పూజారి లాంటి పాత్ర) కత్తి పట్టకూడదు అంటే పట్టకూడదు, అంతే. ఆ పద్ధతే నయం.

—

నయమేనా? 1974 నాటి మొదటి పుస్తకాల్లో క్లెరిక్‌కి వాదర లేని మంత్రాయుధాలు ఇచ్చి, పక్కనే బ్రాకెట్లో "బాణాలు లేవు!" అని ఆశ్చర్యార్థకం పెట్టి మరీ రాశారు. ఎందుకంటే బాణానికి ఉండేది మొన, వాదర కాదు, ఆ సందులోంచి దూరతారని ఆట తయారుచేసిన గైగాక్స్, ఆర్నెసన్‌లకి అప్పుడే తెలిసినట్టుంది. 1978 పుస్తకంలో వాదరతో పాటు మొన కూడా చేర్చి ఆ సందు మూసేశారు. 1981 బేసిక్ పుస్తకంలో మళ్లీ "పదునైన అంచు" దగ్గరికే వచ్చి కత్తులూ బాణాలూ అని విడిగా చెప్పారు. మరి బల్లెం? కూర్చుని కొట్టుకోవడమే. పైగా దీనికి నెత్తురు చిందించకూడదన్న కారణం చెబుతుంటారు, గదతో నెత్తి పగిలితే నెత్తురు రాదా? 1066 నాటి యుద్ధాన్ని బట్ట మీద కుట్టిన బేయూ టాపెస్ట్రీలో బిషప్ ఓడో దుడ్డుకర్ర పట్టుకుని ఉంటాడు, ఈ ఊహకి అదే ఆధారమని చాలామంది చెబుతారు. అదే ఫ్రెంచి వీరగాథల్లో ఆర్చ్‌బిషప్ టర్పిన్ శుభ్రంగా కత్తి దూస్తాడు. నన్నడిగితే అసలు కారణం ఆట లెక్కే: మంచి మంచి మంత్రపు కత్తులు యుద్ధం చేసే పాత్ర ఫైటర్‌కి మిగలాలి.

అసలు మలుపు 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌ది. తెలుగులో దాన్ని చెప్పడం ఎంత తేలికో చూడండి. అప్పటిదాకా "వాడరాదు". అప్పట్నుంచి "వాడటం రాదు". మంత్రగాడి పాత్ర విజార్డ్ పొడవాటి కత్తి పట్టొచ్చు, తిప్పొచ్చు, వాడటం రాదు కాబట్టి దాడి పాచికలో 4 తగ్గుతుంది. 2014కి వచ్చేసరికి ఆ కోత కూడా తీసేసి, వాడటం వచ్చినవాళ్లకి పాచికలో కలిసే ప్రొఫిషియెన్సీ బోనస్ కలవదు అన్నారు, మొదటి లెవెల్లో అది 2. మీ పేజీలో "విజార్డ్ కత్తి వాడరాదు" అని రాస్తే 2000కి ముందటి రూల్ రాసినట్టు. కొత్తవాళ్లు చాలామంది పడేది ఇక్కడే, కత్తి ముట్టుకోనే కూడదనుకుని చావుబతుకుల మీదున్నా చేతికర్ర పట్టుకునే నిలబడతారు.

కవచం సంగతి కాస్త కఠినం. వేసుకోవడం రాని కవచం తొడిగితే మంత్రాలే పలకలేరు. కానీ డ్రూయిడ్‌కి మీడియం కవచం వచ్చు, ఇనుప పొలుసుల కవచం ఆ జాబితాలోదే. కాబట్టి తొడిగినా లోహమన్న కారణంగా లెక్కలో ఏ కోతా లేదు. అందరూ కొనేస్తారన్న భయం ఉంటే డీఎం ఆట మొదలుపెట్టకముందే ఒక మాట అనుకోవాలి, "ధరించరు"ని "ధరించలేరు"గా మార్చి రాసి పుస్తకం మీదికి తోసెయ్యడం మాత్రం న్యాయం కాదు. 2024 పుస్తకంలో ఆ ముక్కే ఎత్తేశారు, కొత్తది ఆడేవాళ్లకి ఈ తలనొప్పి లేదు.

—

బాగుంది. పనిలో పని, "మెలీ వెపన్ అటాక్"కి ఏం రాస్తారు? నేను "దగ్గరి ఆయుధంతో దాడి" అనుకుంటున్నా.

—

అలా రాస్తే ఒట్టి చేతులతో కొట్టే పాత్ర మాంక్ పిడికిలి పోతుంది. 2014 రూల్స్‌లో పిడిగుద్దు ఆయుధం కాదు, కానీ మెలీ వెపన్ అటాక్ కిందే లెక్క. అంటే ఆ సమాసాన్ని "దగ్గరి ఆయుధం, దానితో దాడి" అని విప్పకూడదు, "దగ్గర్నించి చేసే ఆయుధ దాడి" అని విప్పాలి. "తో" పెట్టారో చేతిలో ఆయుధం ఉండి తీరాలి. దీనికి తిరగేసినది విసిరిన బాకు: ఆయుధం దగ్గరిది, దాడి దూరానిది. రోగ్ (దొంగ లాంటి పాత్ర) చేసే స్నీక్ అటాక్ అనే దొంగదెబ్బకి ఆ బాకు చెల్లుతుంది, ఎందుకంటే అక్కడ రూల్ అడిగేది ఆయుధం ఫినెస్ రకమా (బలానికి బదులు చురుకుతనంతో వాడగలిగేదా) లేక దూరానిదా అని, బాకు ఫినెస్. చేతిగొడ్డలి విసిరితే చెల్లదు, అది ఫినెస్సూ కాదు, దూరపు ఆయుధమూ కాదు.

—

సరే, "దగ్గరి ఆయుధ దాడి" అని మార్చా. డ్రూయిడ్ దగ్గర "ధరించరు" ఉంచి, పక్కన "ఇష్టపూర్వకంగా" అని చేర్చా. మా డీఎం ఇంకా ఒప్పుకోలేదు.