పీహెచ్‌పీలో లక్షల వరుసల ఫలితాన్ని మెమరీ నిండకుండా చదవడం ఎలా?

ప్రశ్న:
పీహెచ్‌పీ నుంచి డేటాబేసుతో మాట్లాడే పీడీఓ ద్వారా మైఎస్‌క్యూఎల్ టేబుల్ నుంచి సుమారు ఆరు లక్షల వరుసలు చదివి సీఎస్‌వీ ఫైలుగా రాసే స్క్రిప్టు ఒకటి రాశాను. కొద్దిపాటి డేటాతో పరీక్షించినప్పుడు చక్కగా నడిచింది గానీ, అసలు టేబుల్ మీద నడిపేసరికి 134217728 బైట్ల మెమరీ అయిపోయిందన్న ఎర్రర్‌తో ఆగిపోయింది. వరుసలన్నీ ఒకేసారి తెచ్చే ఫెచ్‌ఆల్ వాడటమే కారణమనుకుని, వైల్ లూపులో ఒక్కొక్క వరుసనే తీసుకునేలా మార్చాను. అయినా అదే ఎర్రర్ వస్తోంది, అదీ ఫైలులో ఒక్క వరుస కూడా పడకముందే. మెమరీ పరిమితి పెంచి గట్టెక్కడం నాకు ఇష్టం లేదు. లోపం ఎక్కడుందో చెప్పగలరా?

సమాధానం 1:
ఒక్క వరుస కూడా పడకముందే ఆగిందన్నారు కదా, అసలు ఆచూకీ అక్కడే ఉంది. మీ లూపు మొదలయ్యే లోపే, అంటే ఎగ్జిక్యూట్ పిలిచినప్పుడే, పీడీఓ డ్రైవరు ఫలితం మొత్తాన్ని సర్వరు నుంచి తెచ్చి తన బఫర్లో (తాత్కాలిక మెమరీలో) పెట్టుకుంటుంది. మైఎస్‌క్యూఎల్ విషయంలో అది డీఫాల్టు పద్ధతి. మైఎస్‌క్యూఎల్‌ఎన్‌డీ డ్రైవరు వాడే ఆ మెమరీ కూడా మీ 128 ఎంబీ లెక్కలోకే వస్తుంది. ఫెచ్‌ఆల్ తీసేయడం వల్ల రెండో ప్రతి తప్పిందే తప్ప మొదటిది అలాగే ఉంది. కనెక్షన్ మీద బఫర్డ్ క్వెరీ యాట్రిబ్యూట్‌ను ఫాల్స్ చేయండి, అప్పుడు మీరు అడిగే కొద్దీ వరుసలు వస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
మీరు చెప్పినట్టే చేశాను, మెమరీ సమస్య పోయింది, ధన్యవాదాలు. అయితే లూపులో ప్రతి వరుసకూ వర్గం పేరు తేవడానికి మరో క్వెరీ ఉంది. ఇప్పుడు అక్కడ 2014 నంబరు ఎర్రర్ వస్తోంది.

సమాధానం 2:
బఫర్ లేని ఫలితం పూర్తిగా చదివేవరకు, లేదా దాన్ని మధ్యలోనే ముగించే క్లోజ్‌కర్సర్ పిలిచేవరకు, అదే కనెక్షన్ మీద మరో క్వెరీ నడవదు. రెండో కనెక్షన్ తెరవవచ్చు గానీ, ఆరు లక్షల చిన్న క్వెరీలు పంపడమే అసలు భారమని నా అభిప్రాయం. వర్గం పేరును జాయిన్‌తో (రెండు టేబుళ్లను కలిపి) మొదటి క్వెరీలోనే తెచ్చుకోండి. జాయిన్ కుదరని చోట 5000 వరుసల చొప్పున విడతలుగా చదవండి. కానీ మొదటి ఇన్ని వరుసలు వదిలేయమని చెప్పే ఆఫ్‌సెట్ జోలికి వెళ్లవద్దు, ఎందుకంటే ఆఫ్‌సెట్ 500000 అన్నప్పుడు సర్వరు ఆ అయిదు లక్షల వరుసలనూ దాటుకుంటూ వచ్చి, వాటిని పారేసి, ఆ తర్వాతి 5000 మాత్రమే మీకు ఇస్తుంది. దానికి బదులు గత విడతలోని చివరి ఐడీని గుర్తుంచుకుని, అంతకంటే పెద్ద ఐడీలను ఐడీ క్రమంలోనే అడిగితే, ప్రైమరీ కీ సూచిక సాయంతో సర్వరు నేరుగా అక్కడికే చేరుతుంది.

సమాధానం 3:
పై సలహాలతో పాటు ఫెచ్ మోడ్ (వరుస ఏ రూపంలో రావాలో చెప్పే సెట్టింగు) కూడా చూసుకోండి. మీరేమీ చెప్పకపోతే పీడీఓ ప్రతి కాలమ్‌నూ పేరుతో ఒకసారి, కాలమ్ స్థాన సంఖ్యతో ఒకసారి ఇస్తుంది. ఆ అరేను సీఎస్‌వీ వరుస రాసే ఎఫ్‌పుట్‌సీఎస్‌వీకి నేరుగా అందిస్తే ఫైలులో ప్రతి విలువా రెండుసార్లు పడుతుంది. ఫెచ్ నమ్ అని ఇస్తే చాలు.