ఆంగ్ర్ పెన్సిల్ బొమ్మలు: ఒట్టి చేతి గీతా, ప్రిజం సాయమా?

సన్నగీత:
రోమ్‌లో ఫ్రెంచ్ చిత్రకారుడు ఆంగ్ర్ గ్రాఫైట్‌తో గీసిన మనుషుల బొమ్మల వెనక కెమెరా లూసిడా (ఎదుటి మనిషి కాగితం మీదే ఉన్నట్టు కంటికి చూపే చిన్న ప్రిజం పరికరం) ఉందని చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 2001లో వాదించాడు. నా ఓటు ఆయనకే. ఇంగ్లిష్ శాస్త్రవేత్త వొలాస్టన్ దానికి పేటెంట్ తీసుకున్నదీ, ఆంగ్ర్ రోమ్ చేరిందీ 1806లోనే. కోటు మడతల గీతలు చూడండి, తడుములాటే లేదు.

బొగ్గుముక్క:
ఏడాది కలిసిందని చేతిలో పరికరం పెట్టేస్తారా? అది చిత్రకారుడు దావీద్ దగ్గర శిష్యరికంలో నలిగిన చేయండీ. పైగా కాగితం సంగతి మరిచారు. అట్ట మీద కాగితాల పొరలు వేసి, అన్నిటికీ పైన నున్నటి కాగితాన్ని డప్పు తోలులా బిగించిన పలక మీద గీసేవాడు. కింద కాస్త స్ప్రింగులా ఆడుతుంది కాబట్టి మొన గీరుకోదు, గీత తెగదు.

సన్నగీత:
సరే, కొలత చూద్దాం. కంటికి కాగితం 30 సెం.మీ., మనిషి 2 మీటర్ల దూరంలో ఉంటే ప్రిజంలో కనిపించే బొమ్మ 30/200, అంటే 0.15 వంతు. కూర్చున్న మనిషి 130 సెం.మీ. అనుకుంటే 19.5 సెం.మీ.కి దిగుతాడు. ఆ బొమ్మలు ఇంచుమించు ఆ సైజువే.

బొగ్గుముక్క:
ఒళ్లో పలక పెట్టుకుని గీసే ఎవరి బొమ్మైనా ఆ సైజులోనే వస్తుంది!

ప్రిజంకన్ను:
పరికరం పట్టినవాళ్లకి తెలిసే చిక్కు ఒకటుంది. కంటిపాప సగం ప్రిజం అంచు మీద, సగం కాగితం మీద ఉండాలి. తల పిసరంత కదిలినా బొమ్మ జరుగుతుంది. కాగితం మీద వెలుతురు ఎక్కువైతే మనిషి మాయం, మనిషి మీద ఎక్కువైతే పెన్సిల్ మొన మాయం. అందుకే ముందు కళ్ల మూలలకీ, ముక్కు చివరికీ, పెదవుల కొసలకీ చుక్కలు పెట్టుకుంటారు. ఆపైన వెంబడించి గీస్తే గీత నెమ్మదిగా, ఒకే మందంలో నడుస్తుంది. ఆంగ్ర్ గీత బట్టల దగ్గర లావెక్కి, సన్నబడి, గాల్లోకి లేచిపోతుంది.

సన్నగీత:
ముఖానికి చుక్కలేనని హాక్నీ కూడా అంటాడు. ఆ తర్వాత బట్టల కోసం ప్రిజం మళ్లీ సర్దడం వల్లే కొన్ని బొమ్మల్లో తలకీ ఒంటికీ పొంతన కుదరలేదట.

బొగ్గుముక్క:
ఆంగ్ర్ 1814 నాటి ఒడాలిస్క్ చిత్రంలో ఆ నగ్న స్త్రీ వీపు చూశారా? వెన్నుపూసలు ఎక్కువయ్యాయని అప్పుడే వెక్కిరించారు. అక్కడ ఏ ప్రిజం జరిగింది? ఒంటిని సాగదీయడం ఆయన ఇష్టం.

ప్రిజంకన్ను:
ఆ వీపు తైలవర్ణం, నెలల తరబడి చేసిన పని. పెన్సిల్ బొమ్మ నాలుగు గంటల్లో ముగిసేదంటారు. తొందరలో కొలత తప్పడానికి ప్రిజమూ అక్కర్లేదు, సాగదీసే ఇష్టమూ అక్కర్లేదు. ముందు ముఖం ముగించి ఒంటిని దానికి అతికిస్తే చాలు.